బాలింతకు డబ్బు అందాల్సింది ఎప్పుడు? తెలంగాణ ఆరోగ్య, మహిళా శిశు సంక్షేమ శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి, మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి, రెండు శాఖల అధికారులకు నమస్కారం.

సర్కారు దవాఖానాలో కాన్పు అయిన తల్లికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ డబ్బు ఆమె కూలికి వెళ్లకుండా బిడ్డతో ఇంట్లో ఉండగలిగేంత ఉండాలి. ఆమె ఇంట్లో ఉండాల్సిన నెలల్లోనే చేతికి రావాలి. నేను చూస్తున్న ఊళ్లలో ఈ రెండూ జరగడం లేదు.

2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు ఎంత సంబరపడ్డారో నాకు బాగా గుర్తు. దోమతెర, చంటిబిడ్డ పరుపు, బట్టలు, సబ్బు, నూనె, తల్లికి చీరలు, ఇలా మొత్తం 16 వస్తువులు. దాంతోపాటు మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు. ప్రైవేటు ఆసుపత్రి తప్ప మరో మాట ఎత్తని కుటుంబాలు కూడా సర్కారు దవాఖానా వైపు చూశాయి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులు 30 శాతం చుట్టూ ఉన్నాయి. 2019-21 సర్వే నాటికి అవి సగం దాకా వచ్చాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఈ మార్పు ఒక్క కిట్ వల్లే వచ్చిందని నేను అనను. 102 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే అమ్మ ఒడి వాహనాలు, నర్సమ్మలు, ఆశమ్మల కష్టం అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ డబ్బూ కిట్టూ కలిసి పేద ఇంటి ఆడవాళ్లకు ఒక ధైర్యం ఇచ్చాయి. ఆ ధైర్యం ఇప్పుడు సడలుతోంది. అందుకే ఇంత బాధతో రాస్తున్నాను.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్ని. నా రెండో కాన్పుకు 180 రోజులు సెలవు ఇచ్చారు. జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. ఆరు నెలలు బిడ్డకు నా పాలే పట్టాను, కుట్లు మానేదాకా బిందె ఎత్తలేదు, రాత్రి నిద్ర లేకపోతే పగలు పడుకున్నాను. మా వీధి చివరింటి కోడలికి కూడా దసరా వెళ్లిన వారంలోనే రెండో కాన్పు అయింది. ఆమెది కైకిలి బతుకు. భర్త ట్రాక్టర్ డ్రైవరు, పని ఉన్న రోజే డబ్బు. అప్పటికి పత్తి పగిలి ఉంది. మా వైపు ఆడవాళ్లకు ఏడాదిలో నాలుగు పైసలు కళ్లజూసే కాలం అదే. ఏరినంత, కిలో లెక్కన కూలి. పాపకు నలభై రోజులు నిండకముందే ఆమె నడుముకు ఒడి కట్టుకుని చేనుకు బయలుదేరింది.

పొద్దున ఏడింటికి పాలిచ్చి వెళితే మళ్లీ వచ్చేది సాయంత్రం ఐదింటికే. మధ్యలో పాలు చేపి జాకెట్టు తడిసి పోతుంటే కొంగు కప్పుకుని ఏరేదట. ఇంట్లో అత్త ప్యాకెట్ పాలల్లో సగానికి సగం నీళ్లు కలిపి సీసాలో పట్టేది. అత్తను తప్పుపట్టలేం. చిక్కటి పాలు అరగవని ఆమె భయం, సీసా రోజూ మరిగించాలని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. పదిహేను రోజుల్లో పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, తగ్గకపోతే పట్నానికి. పత్తి కూలి చాలావరకు అక్కడే అయిపోయింది. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి ఒక్క మాటే అంది: "పైసలు పడితే నేనెందుకు పోతా మేడం, పచ్చి బాలింతను?"

మా సబ్‌సెంటర్ గోడ మీద ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ పట్టొద్దని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది అక్షరాలా నిజం, డాక్టర్లందరూ చెప్పేదీ అదే. అయితే ఆ మాట నిలబెట్టుకోవాలంటే తల్లి బిడ్డ పక్కన ఉండాలి కదా! నేను ఉండగలిగాను, ఎందుకంటే ప్రభుత్వం నాకు జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది. అదే ప్రభుత్వం ఆమెకు గోడ మీద రాత మాత్రమే చూపించింది.

ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నారో మొదట్లో ప్రభుత్వమే చెప్పింది. గర్భిణులు, బాలింతలు కూలికి పోలేని రోజుల్లో పోయే సంపాదనకు బదులుగా అని. మరి లెక్క చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 12 వేలంటే 39 రోజుల కూలి. కడుపుతో ఉన్న ఆఖరి నెల, కాన్పు తర్వాత ఆరు నెలలు, వీటన్నిటికీ కలిపి 39 రోజులు! నాకిచ్చిన 180 రోజుల సెలవును అదే 307తో గుణిస్తే 55,260 రూపాయలు అవుతుంది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు కూడా 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించి 26 వారాల జీతం ఇవ్వాలన్నారు. పొలంలో వంగి నాటేసే తల్లి శరీరం, ఆఫీసులో కూర్చునే తల్లి శరీరం కంటే తొందరగా కోలుకోదు. ఇంకా ఆలస్యంగానే కోలుకుంటుంది.

పైగా మన రాష్ట్రంలో కోత కాన్పులు ఎంత ఎక్కువో మీకు తెలుసు. 2019-21 సర్వే ప్రకారం నూటికి 60 దాటాయి, దేశంలోనే మొదటి స్థానం. ప్రైవేటులో 80 పైన, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా 44 దాకా ఉన్నాయి. పొట్ట కోసి కుట్టిన మనిషి నెలన్నర దాకా బరువు ఎత్తకూడదు, ఎక్కువసేపు వంగకూడదు. మా దగ్గర ఆడవాళ్లు చేసే పనులన్నీ వంగి చేసేవే. నాటు, కలుపు, పత్తి, మిర్చి. ఆ కుట్ల మీద వంగి కలుపు తీసినవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి నడుం నొప్పి అంటూ మాత్రలు మింగుతూనే ఉంటారు.

ఇక డబ్బు అందే తీరు. నాలుగు విడతలు పెట్టిన పద్ధతి మంచిదే. గర్భిణిగా పేరు రాయించుకుని పరీక్షలు చేయించుకున్నాక మొదటిది, కాన్పు అయ్యాక రెండోది, మూడున్నర నెలల టీకాలు అయ్యాక మూడోది, తొమ్మిదో నెల టీకా అయ్యాక నాలుగోది. ప్రతి విడతకూ ఒక కారణం ఉంది. మొదటి విడత కడుపుతో ఉన్న మనిషి గుడ్డూ పాలూ పండ్లూ తినడానికి. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని అదే సర్వే చెబుతోంది, 53 శాతం. ఆ తిండి డబ్బు ఐదో నెలలో రావాలి. పాప పాకుతున్నప్పుడు వస్తే ఆ గర్భిణికి ఏం లాభం? మా ఊళ్లో కొందరికి అలాగే వచ్చింది, కొందరికి ఒక్క విడత వచ్చి ఆగింది, ఇంకొందరికి అసలు రాలేదు. బకాయిలు పేరుకుపోయాయని ఎన్నోసార్లు పత్రికల్లోనూ వచ్చింది. ఇది ఈ ప్రభుత్వం వచ్చాక పుట్టిన జబ్బు కాదు, ముందు ప్రభుత్వం ఉన్నప్పుడే మొదలైంది. కాబట్టి దయచేసి దీన్ని పార్టీల గొడవగా చూడకండి.

నిధుల కొరత ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. డబ్బు విడుదలైనప్పుడు కూడా తల్లి ఖాతాలో పడకపోవడానికి మా ఊళ్లో నేను చూసిన కారణాలు మీ ముందు పెడతాను. పాఠశాల పని అయ్యాక చాలామంది తమ కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు, అందుకని తెలుసు.

అన్నిటికంటే పెద్దది పుట్టింటి సమస్య. తొలుసూరు కాన్పు పుట్టింట్లో కావడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి తీసుకెళతారు, మూడో నెల లేదా ఐదో నెలలో బిడ్డతో తిరిగి పంపుతారు. అంటే పేరు నమోదు అయ్యేది అత్తగారి ఊళ్లో, కాన్పు ఇంకో మండలంలో, ఒక్కోసారి ఇంకో జిల్లాలో, మొదటి టీకాలు పుట్టింటి ఊరి సబ్‌సెంటర్లో, తొమ్మిదో నెల టీకా మళ్లీ అత్తగారి ఊళ్లో. ఒక్క బిడ్డకు రెండు మూడు చోట్ల రాతలు. ఇక్కడ నర్సమ్మ అక్కడ అడగమంటుంది, అక్కడి నర్సమ్మ ఇక్కడే ఎక్కించాలంటుంది. వాళ్లను అనడానికి లేదు, వాళ్ల ట్యాబ్‌లో కనిపించని బిడ్డకు వాళ్లేం చేస్తారు? ప్రతి తెలుగింట్లో జరిగే ఈ ఆచారాన్ని లెక్కలోకి తీసుకోకుండా పథకాన్ని తయారు చేస్తే సగం మంది తొలిచూలు తల్లులు మధ్యలోనే ఆగిపోతారు.

రెండోది ఆధార్. పెళ్లయినా కార్డు మీద పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, రేషన్ కార్డులో అత్తింటి పేరు. బ్యాంకు ఖాతా ఎప్పుడో కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచింది, లావాదేవీలు లేక ఆగిపోయి ఉంటుంది. ఫోన్ నంబరు తండ్రిదో అన్నదో. ఓటీపీ అక్కడికి పోతుంది. ఈ ఒక్క పనికి నిండు గర్భిణి బ్యాంకుకూ మీ సేవకూ తిరుగుతుంటే చూసేవాళ్లకే టెన్షన్. పెళ్లి నమోదు సమయంలోనో, మొదటిసారి గర్భిణిగా పేరు రాసే రోజునో ఆశమ్మ ఇంటికొచ్చి ఖాతా సరిచూస్తే ఈ తిరుగుళ్లలో చాలావరకు ఉండవు. కానీ ఆశమ్మలకు ఆ పనికి వేరే పైసా ఇవ్వరు. డబ్బు పడనప్పుడు మాత్రం ఊరంతా నిలదీసేది ఆమెనే. మా ఆశమ్మ పాపం కొన్ని వీధుల్లోకి వెళ్లడమే మానేసింది, అందరూ పైసల సంగతే అడుగుతున్నారని.

కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు సంగతి కూడా ఒకసారి చూడాలి. 2013 ఆహార భద్రత చట్టంలో ప్రతి గర్భిణికీ బాలింతకూ 6 వేలకు తగ్గకుండా ఇవ్వాలని రాసి ఉంది. 2017 నుంచి అమలులోకి వచ్చిన మాతృ వందన మాత్రం మొదటి బిడ్డకు 5 వేలే అంది. ఇప్పుడు రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6 వేలు కలిపారు. చట్టంలో ఉన్న మాటకు ఇది ఇంకా తక్కువే. రాష్ట్ర పథకం ఉందన్న కారణంతో మన దగ్గర చాలా ఏళ్లు అది అమలే కాలేదు. తల్లికి రెండూ రావాలి. ఒకటి చూపించి ఇంకోటి ఎగ్గొట్టే పరిస్థితి ఏ తల్లికీ రాకూడదు.

తమిళనాడును చూస్తే ఇది సాధ్యమే అనిపిస్తుంది. అక్కడ 1987 నుంచి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరుతో ప్రసూతి సాయం నడుస్తోంది. ఆమె డాక్టరు, మద్రాసు శాసన మండలిలో కూర్చున్న తొలి మహిళ. ఆ పథకం 2006లో 6 వేలకు, 2011లో 12 వేలకు, ఆ తర్వాత 18 వేలకు పెరిగింది. మధ్యలో డీఎంకే వచ్చింది, అన్నాడీఎంకే వచ్చింది, మళ్లీ డీఎంకే వచ్చింది. వచ్చినవాళ్లు దాన్ని తీసేయలేదు, పెంచారు. పేరు ఏ ముఖ్యమంత్రిదీ కాకపోవడం అందుకు కొంత కారణమై ఉంటుందని నా నమ్మకం. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం సంచి మీద నాయకుడి పేరు, బొమ్మ. ప్రభుత్వం మారగానే ఆ సంచి కొత్తవాళ్లకు కంట్లో నలుసవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ బేబీ కిట్ అలాగే ఒక ప్రభుత్వం పోగానే ఆగిపోయింది. ఇక్కడా 2023 డిసెంబర్ తర్వాత పేరు మారింది, ఆ మార్పు మధ్యలో ఎందరో తల్లులు కిట్ లేకుండానే ఇంటికి వెళ్లారు. పేరు మార్చే హక్కు మీకుంది. ఈసారి మార్చాక ఇంకెవరూ మార్చాల్సిన అవసరం రాని పేరు పెట్టండి.

కిట్‌లో ఏముండాలి అన్నదాని మీద కూడా రెండు మాటలు. దోమతెర ఎంత మంచి పని చేసిందో ఎంత చెప్పినా తక్కువే, మా ఊళ్లో పెద్దపిల్లలు కూడా దాని కిందే నిద్రపోయారు. పౌడర్ మాత్రం తీసేయండి. చంటిపిల్లలకు పౌడర్ చల్లొద్దని, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు. ప్రభుత్వమే ఇచ్చిన డబ్బా కాబట్టి మంచిదే అనుకుని మెడా చంకలూ తెల్లగా చేసేస్తున్నారు. దాని బదులు తల్లికి ప్యాడ్లు పెట్టండి. కాన్పు అయ్యాక వారాల తరబడి రక్తస్రావం అవుతుంది, చాలా ఇళ్లలో ఇప్పటికీ పాత చీర ముక్కలే వాడుతున్నారు. ముందు జిప్ ఉండే రెండు నూలు నైటీలు పెట్టండి, దవాఖానాలో పదిమంది మధ్య పాలివ్వడానికి ఆ పిల్లలు పడే ఇబ్బంది చూడలేం. కిట్ నిండా బిడ్డ వస్తువులే ఉంటాయి, తల్లికంటూ పెట్టేవి తక్కువ.

తిండి విషయం మహిళా శిశు సంక్షేమ శాఖ వారికి. 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకూ బాలింతలకూ ఒకపూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. గర్భిణులు వెళ్లి తింటారు, మా అంగన్‌వాడీ టీచర్ దగ్గరుండి తినిపిస్తుంది. కానీ పచ్చి బాలింత నెల దాకా గడప దాటదు. ఆమెకు అన్నిటికంటే ఎక్కువ తిండి కావాల్సింది ఆ నెలలోనే. పథ్యం పేరుతో కారప్పొడీ అన్నమూ పెట్టి గుడ్డు వద్దనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఒక్క నెల ఆయమ్మ చేత భోజనం ఇంటికే పంపించండి. గుడ్డు తినొచ్చని అత్తగారికి చెప్పే పని కూడా ఆయమ్మే చేసుకొస్తుంది, ఊరివాళ్ల మాట ఊరివాళ్లు వింటారు.

ఇంకో విషయం చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రానూ పోనూ బండి అన్నీ ఉచితం. అయినా బిడ్డను చేతిలో పెట్టేటప్పుడు, స్ట్రెచర్ తోసేటప్పుడు డబ్బులు అడిగేవాళ్లు ఉన్నారు. మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లైతే ఇంకో రేటు. ఆడబిడ్డకు మీరు వెయ్యి ఎక్కువ ఇస్తుంటే, గేటు లోపల ఆడబిడ్డ పుట్టినందుకు తక్కువ రేటు నడుస్తోంది. వార్డు గోడల మీద ఫిర్యాదు నంబరు పెద్దగా రాయించండి, ఫిర్యాదు చేసిన తల్లి డిశ్చార్జ్ అయ్యేదాకా ఆమెకు ఏ ఇబ్బందీ లేకుండా చూడండి.

నేను కోరేది చెప్పి ముగిస్తాను. ప్రసూతి సాయాన్ని శాసనసభలో చట్టంగా తీసుకురండి. అప్పుడు ప్రభుత్వం మారినా, బడ్జెట్ తగ్గినా ఏ తల్లికీ ఆగదు. మొత్తాన్ని ఉపాధి హామీ కూలికి ముడిపెట్టండి, కూలి పెరిగినప్పుడల్లా అదీ పెరగాలి. 180 రోజుల కూలి ఒక్కసారిగా ఇవ్వలేమంటే కనీసం 90 రోజులతో మొదలుపెట్టండి, అదే 307 లెక్కన 27,630 రూపాయలు. అందులో పెద్ద వాటా కాన్పు అయిన వారంలోపే పడాలి, ఎందుకంటే కూలికి పోవాలా వద్దా అని ఇంట్లో తేల్చుకునేది ఆ నెలలోనే. తల్లీబిడ్డల కార్డు నంబరు ఒక్కటి కొడితే ఏ సబ్‌సెంటర్లోనైనా పాత రాతలన్నీ కనిపించాలి, పుట్టింట్లో వేసిన టీకా అత్తింట్లో లెక్కకు రావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బోర్డు మీద ఎంతమంది తల్లులకు ఏ విడత పెండింగ్ ఉందో నెలనెలా రాయించండి, పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. పాత బకాయిలకు ఒక తేదీ ప్రకటించండి.

ఈ ఏడు కూడా మా ఊళ్లో దసరాకూ దీపావళికీ మధ్య కాన్పులు ఉన్నాయి. పత్తి కూడా అప్పుడే పగులుతుంది. ఆ లోపు పాత విడతలైనా విడుదల చేస్తే కొందరు తల్లులు ఈసారి చేనుకు పోకుండా ఆగుతారు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
ఉమ్మడి వరంగల్ జిల్లా